కోసి మానని మీటింగు

కోసి చచ్చిపోయాక కూడా సంఘం మీటింగుకి రావడం మానలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊటగుంపులో శుక్రవారం మధ్యాహ్నం మీటింగు. తర్లగూడ నుంచి అడవిలోకి మళ్ళే ఎర్రమట్టి దారి అంగన్‌వాడీ ముందు నుంచి పోతుంది. ఆ అంగన్‌వాడీ వరండాలోనే ఆడవాళ్ళు కూర్చుంటారు. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకుంటారు. చేలో నుంచి నేరుగా వచ్చినవాళ్ళ తలల్లో గడ్డిపరకలుంటాయి, చంకల్లో పిల్లలుంటారు. మాటలు ఇంటి భాష దోర్లీలో మొదలై తెలుగులోకి వచ్చి, పైసల దగ్గరికి వచ్చేసరికి హిందీలోకి దిగుతాయి. భోపాలపట్నంలో పదో తరగతి దాకా చదివిన సుమిత్ర పేర్లు పిలుస్తుంది. ఆమె ఊరి పెద్ద ఆయతు కోడలు. పిలిచినప్పుడల్లా ఒకరు "ఉన్న" అంటారు, పళ్ళెంలో పొదుపు వేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు జుర్మానా కడతారు. తర్వాత అప్పు కావలసినవాళ్ళు అడుగుతారు.

సంఘం పెద్ద కోసి. స్తంభాన్ని ఆనుకుని కూర్చునేది. ఎవరు అప్పడిగినా ఒకే వరసన అడిగేది: ఎందుకు, ఎట్ల కడతవ్, కట్టకుంటే ఎవరిని అడగాలె. బడి ముఖం చూడని మనిషి. ఇదంతా గ్రేసీ దగ్గర నేర్చుకుంది.

గ్రేసీ కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టింది. వాళ్ళ నాన్న ఏలియా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పని చేశాడు. ఆమెకి ఇప్పుడు ఊరూరూ తిరిగి ఆడవాళ్ళకి డబ్బు సంగతులు నేర్పడం ఉద్యోగం. స్కూటీ వరండా ముందు ఆపి, సుద్దముక్కతో నేల మీద కుండ బొమ్మ వేసేది. కుండకి అడుగున చిల్లులు పెట్టేది. "ఈ చిల్లు ఏంటమ్మా?" అనేది. "సారా" అనేవాళ్ళు. "మరి ఇది?" అంటే ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అది విందుల చిల్లు. పుట్టినా విందే, పోయినా విందే. ఆ చిల్లు చూసి కోసి మొదటిరోజే లేచి నిలబడింది.

"నా మొగుడు సచ్చినప్పుడు ఊరంత తిన్నది, తాగింది. తాగినోళ్ళు ఇంటికి పోయిన్రు. ఎడ్లు నేనమ్ముకున్న. ఈ సంఘంల విందుకి అప్పు ఇయ్యద్దు. నా మాట ఇష్టం లేనోళ్ళు ఇప్పుడే లేచి పోండ్రి."

ఎవరూ లేవలేదు. అది సంఘం నియమమైంది. రెండో నియమం గ్రేసీ చెప్పింది, వారం వారం మీటింగుకి రావాలని. ఈ రెండు నియమాలనీ కోసి అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. కూతురు దేవే పురిటి నొప్పుల్లో ఉన్న శుక్రవారం కూడా పోయి, హాజరు పలికి, పొదుపు వేసి వచ్చింది. దేవే ఆ మాట చాలాకాలం ఎత్తిపొడిచింది.

పోయిన వానాకాలం కోసికి జ్వరం తలకెక్కింది. దేవే, ఆమె మొగుడు సుక్రాం కలిసి జీపు మాట్లాడుకుని భద్రాచలం తీసుకుపోయారు. అక్కడ ఆస్పత్రివాళ్ళు అడిగిన డబ్బు సంఘంలో లేదు, చుట్టాల దగ్గరా లేదు. తర్లగూడ సంతలో ఇప్పపువ్వు కొనే చక్రధరరావు దగ్గర చేనూ, చేను గట్టున ఉన్న ఇప్పచెట్లూ తాకట్టు పెట్టారు. డబ్బు ఉన్నన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచుకున్నారు. అయిపోయాక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికొచ్చి, కూతురు పోసిన జావ రెండు గుటకలు తాగి, కోసి పోయింది. వాగు గట్టున పూడ్చారు.

ఆ వచ్చిన శుక్రవారం సుమిత్ర అలవాటు కొద్దీ పేర్లు చదువుతూ "కోసి" అనేసి, నాలుక కరుచుకుంది.

"ఉన్న" అని స్తంభం దగ్గర నుంచి వినిపించింది.

ఎప్పటిలాగే చాప పరుచుకుని, కాళ్ళు మడిచి కూర్చుని ఉంది. పక్కనున్నామె కొంచెం జరిగి చోటిచ్చింది. పళ్ళెం తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. కోసి కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు వేసింది. నోటు చల్లగా, కొద్దిగా తడిగా ఉంది. సుమిత్ర దాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసి, మిగతా నోట్లతో కలిపింది.

దేవే ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, ఆలస్యంగా వచ్చింది. తల్లిని చూసి వరండా మెట్టు మీద ఆగింది.

"జుర్మానా కట్టి కూసో" అంది కోసి.

దేవే జుర్మానా కట్టి తల్లి పక్కన కూర్చుంది.

అప్పటి నుంచి దేవేకి వారంలో శుక్రవారం ఒక్కటే మిగిలింది. మిగతా రోజులు కలుపు, కట్టెలు, నీళ్ళు. సుక్రాం గోదావరి అవతల మిర్చి చేలల్లో పనికి పోయాడు. పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఉంది. శుక్రవారం మాత్రం తల్లి భుజానికి భుజం ఆనించి కూర్చునేది. ఆ భుజంలో వెచ్చదనం ఉండేది కాదు. తలకి రాసుకున్న ఇప్పనూనె వాసన మాత్రం అదే.

మీటింగు అయ్యాక కోసి చాప చుట్టి, చంకన పెట్టుకుని వాగు దారి పట్టేది.

"ఇంటికి రావా అమ్మా?" అని దేవే అడిగేది.

"వస్త తియ్యి. చిన్న పనున్నది" అనేది కోసి.

ఆ పనేమిటో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆమెకి తెలిసినట్టూ లేదు. పోయిన మనిషితో నువ్వు పోయావని చెప్పడం ఆ ఊళ్ళో లేదు. రాయి నిలబెట్టాకే పోయినవాళ్ళకి తాము పోయినట్టు తెలుస్తుంది. ఊరి బయట పోయిన పెద్దల రాళ్ళ వరసలో కొత్త రాయి పాతి, పందిని బలిచ్చి, ఊరందరికీ అన్నం పెడితే వాళ్ళు పోయి అక్కడ కుదురుకుంటారు. రాయి నిలబెట్టడానికి దేవే దగ్గర డబ్బు లేదు. అందుకని కోసి తనకి తెలియకుండానే శుక్రవారం శుక్రవారం వచ్చేది. ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

గ్రేసీ చలికాలం మొదట్లో వచ్చింది. అన్నాళ్ళూ ఆమెని ఇంకో వైపు ఊళ్ళకి వేశారు. కోసికి నమస్కారం పెట్టింది, పాఠం చెప్పింది, కోసి చాప చుట్టి వెళ్ళిపోయేదాకా ఆగింది. తర్వాత దేవేని బోరింగు దగ్గరికి తీసుకుపోయింది.

"దేవే, మీ అమ్మకి బీమా ఉంది తెలుసా?"

"ఏం బీమా?"

"ఖాతాలో ఏడాదికోసారి పట్టుకుంటారే, అది. వానలకి ముందు కూడా పట్టారు. నేనే దగ్గరుండి వేలిముద్ర వేయించాను. నామినీ పేరు నీదే చెప్పింది. రెండు లక్షలు వస్తాయి."

దేవే బోరింగు గొట్టం పట్టుకుని నిలబడింది.

"చక్రధరరావుకి ఎంత?" అని అడిగింది గ్రేసీ.

"వడ్డీతోటి కలిపితే దగ్గర దగ్గర అంతే. మొదటి ఇప్పపువ్వు రాలకముందే కట్టాలె. రాలినంక అయితే చేను ఆయనే దున్నిస్తడు, పువ్వు, గింజ అన్ని ఆయనయే. మేము పిల్లను బడి మాన్పించి మిర్చి చేలల్లకి పోవుడే."

"చావు కాయితం కావాలమ్మా. పంచాయతీ సచివ్ రాసివ్వాలి. అదుంటే మిగతాది నేను చూసుకుంటాను."

పంచాయతీ సచివ్ ముకేష్ చెడ్డవాడు కాదు. లంచం తినడు. వానలో కూడా మోటార్‌సైకిల్ మీద అన్ని పల్లెలూ తిరుగుతాడు. దేవే చెప్పిందంతా విని, తల గోక్కున్నాడు.

"దేఖో దేవే, నేను రాయలేను."

"ఎందుకు సారూ?"

"పోయిన శుక్రవారం పింఛను పని మీద మీ ఊరు వచ్చిన. మీ అమ్మ మీటింగుల కూసుని ఉన్నది. నాకు నమస్తే పెట్టింది. మా ఇంటిదానికి కాన్పు అయిందా అని అడిగింది. నా కళ్ళతోటి చూసిన మనిషిని లేదని ఎట్ల రాయాలె?"

"పూడ్చింది మేమే కద సారూ. మట్టి నా చేతులతోటి వేసిన."

"నువ్వు చెప్పేది నిజమే. నేను చూసింది గూడ నిజమే కద" అన్నాడు ముకేష్. "రాయి నిలబెట్టుండ్రి. మనిషి అక్కడ కుదురుకుంటది. నేను వచ్చి చూస్త. తెల్లారి కాయితం ఇస్త."

దేవే నడిచి ఇంటికొచ్చింది. దారి పొడుగునా లెక్క వేసుకుంది. రాయికి విందు కావాలి. విందుకి డబ్బు కావాలి. డబ్బు రావాలంటే కాయితం కావాలి. కాయితానికి రాయి కావాలి. గ్రేసీ నేర్పిన లెక్కలన్నింటికీ ఏదో ఒక మూల జవాబుండేది. దీనికి లేదు.

సంఘంలో మాత్రం డబ్బుంది. వానల తర్వాత చేతికొచ్చిన తునికాకు డబ్బు పొదుపులో పడి ఉంది. విందు మట్టుకు అప్పు దొరికితే, బీమా రాగానే కట్టేయవచ్చు. గ్రేసీకి ఆ మాటే చెప్పింది.

"నియమం పెట్టుకున్నది మనమే కదా. అడిగి చూడు" అంది గ్రేసీ.

శుక్రవారం అప్పుల వంతు వచ్చింది. దేవే లేచి నిలబడింది.

"నాకు అప్పు కావాలె."

స్తంభానికి ఆనుకున్న కోసి తల ఎత్తి చూసింది. కూతురని ఎన్నడూ మెతకగా అడిగింది లేదు. "ఎందుకు?"

దేవే కొంగు అంచు వేలికి చుట్టుకుంది. సుమిత్ర కలం మూత పెట్టి తీసి, పెట్టి తీసింది.

"చెప్పు మరి. ఎడ్లకా, ఇత్తనాలకా?" అంది కోసి.

"రాయికి."

"ఎవరి రాయికి?"

వరండాలో అందరి తలలూ వంగిపోయాయి. ఒకామె పిల్లకి పాలివ్వడం మొదలుపెట్టింది. దేవే తల్లి వైపు కాకుండా నేల మీద గ్రేసీ వేసిన కుండ బొమ్మ వైపు చూసింది.

"ఇంట్ల పెద్దలకి" అంది.

"ఇంట్ల పెద్దలంటే మీ నాయినకి పెట్టినం గద. నా ఎడ్లు అమ్మి పెట్టినం. మళ్ళ ఎవరికి?"

"అక్కా" అంది ఎవరో వెనక నుంచి, "ఈ ఒక్కసారికి ఇద్దం తియ్యి."

"ఈ ఒక్కసారి అని నువ్వంటవ్. రేపు నీ అత్త పోతది, అప్పుడు ఈ ఒక్కసారి అని నేననాలె. పోయినోళ్ళు తినరు. బతికున్నోళ్ళే తింటరు. తిన్నోళ్ళు కట్టరు. అప్పు ఇయ్యం. కూసో దేవే."

గ్రేసీ గొంతు సవరించుకుంది. "కోసమ్మా, ఒక్కోసారి పరిస్థితిని బట్టి..."

"మీరే నేర్పిన్రు దీదీ" అంది కోసి. కోపం లేదు ఆ మాటలో. పాఠం అప్పజెప్పిన పిల్లకుండే సంతోషం ఉంది. "కుండకి అడుగున చిల్లు వేసింది మీరే. నేను బంకమట్టి పెట్టి మూసిన. ఇప్పుడు మళ్ళ వేలు పెట్టి పొడవమంటరా?"

గ్రేసీ సుద్దముక్క సంచిలో వేసుకుంది. ఊరూరూ తిరిగి ఆమె కోరుకున్నది ఇలా ఎదురు చెప్పే మనిషినే.

దేవే కూర్చుంది. కోసి ఆమె మోకాలు తట్టింది. "బాధపడకు. పువ్వు రాలినంక అమ్ముకుని పెట్టుకుందువు గాని. నీ పైసలతోటి పెట్టుకో, ఎవరు కాదంటరు."

మాఘమాసంలో ఇప్పచెట్ల ఆకు రాలడం మొదలైంది. ఆకంతా రాలి, కొమ్మల చివర మొగ్గలు కుచ్చులు కుచ్చులుగా వేలాడాక పువ్వుకి ఎక్కువ రోజులు పట్టదు. దేవే సంతకి పోయి చక్రధరరావు కాంటా ముందు నిలబడింది.

"కొంచెం ఆగు సేటూ. బీమా వస్తది."

"ఎప్పుడొస్తది?" అని అడిగాడు చక్రధరరావు, చింతపండు తూస్తూనే. "నేను నిన్ను తొందర పెట్టలేదు. నువ్వు అడిగినప్పుడు డబ్బు ఇచ్చిన్నా లేదా? మాట అనుకున్నం. మొదటి పువ్వు అనుకున్నం. మీ అమ్మ కోసమని ఇచ్చిన. ఆమె బతకకపాయె. అది నా చేతిల లేదు, నీ చేతిల లేదు. మాట మటుకు మన చేతిల ఉన్నది."

తిట్టినా బాగుండేదనుకుంది దేవే. తిట్టిన మనిషిని తిరిగి తిట్టి రావచ్చు.

తిరిగొస్తూ చేను దగ్గర ఆగింది. ఆ చెట్లు తల్లి కోడలిగా వచ్చినప్పటికే పెద్ద చెట్లు. కింద ఆకులు ఊడ్చి, నేల నున్నగా చేసి, పువ్వు కోసం కాచుకోవలసిన సమయం ఇది. ఈసారి ఎవరి కోసం ఊడవాలో తెలియక దేవే గట్టు మీద కూర్చుండిపోయింది. పొద్దు వాలే ముందు లేచి, చీపురు విరుచుకుని, చెట్ల కింద మొత్తం ఊడ్చింది. ఊడ్చి, చేతులు దులుపుకుని, ఇంటికి పోకుండా సచివ్ ఇంటికి పోయింది.

"శుక్రవారం మీటింగుకి రండి సారూ. కాయితం, ముద్ర తెచ్చుకోండి" అంది.

"రాయి పెట్టిన్రా?"

"పెట్టలే. మీరు రండి."

శుక్రవారం ముకేష్ వచ్చాడు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. గ్రేసీ స్కూటీ పక్కనే నిలబడింది, లోపలికి రాలేదు. కోసి స్తంభం దగ్గర కూర్చుని, సచివ్‌కి నమస్తే పెట్టి, "కొడుకు పాలు తాగుతున్నడా?" అని అడిగింది. ముకేష్ తాగుతున్నాడన్నాడు.

దేవే ఎప్పటిలా తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు కొంచెం ఎక్కువ ఆనుకుంది.

సుమిత్ర పేర్లు మొదలుపెట్టింది. ఒక్కొక్కరు "ఉన్న" అంటున్నారు. నోట్లు పళ్ళెంలో పడుతున్నాయి.

"కోసి."

కోసి నోరు తెరిచింది. దేవే ముందే పలికింది.

"లేదు."

సుమిత్ర తలెత్తింది. కోసి కూతురి వైపు తిరిగింది, పిల్ల నిద్రలో ఏదో అన్నట్టు.

"అమ్మ లేదు" అంది దేవే. "వానాకాలంల జ్వరమొచ్చి పోయింది. నా చేతులల్ల పోయింది. వాగు గట్టున పూడ్చినం."

కోసి కూతురినే చూసింది. తర్వాత తన చేతులు తిప్పి చూసుకుంది. గోళ్ళలో మట్టి ఉంది. దాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"జావ వేడిగ ఉండె" అంది నెమ్మదిగా. "నువ్వు ఊదుతుంటివి."

"అవునమ్మా."

"ఆ తర్వాత ఏమైందో నాకు గుర్తు లేదు."

దేవే చాప అంచు సవరించింది.

"మీటింగులు మానిన్నా?"

"ఒక్కటి గూడ మానలే."

కోసి తలూపింది. ఆ మాట ఆమెకి కొంచెం ఊరటనిచ్చినట్టుంది. కొంగు ముడిలో వేలు పెట్టి నోటు తీయబోయి, ఆగింది. ముఖంలో సంఘం పెద్ద కళ మళ్ళీ వచ్చింది. దారి వైపు, గ్రేసీ వైపు తిరిగింది.

"దీదీ, మరి బీమా? పట్టిన్రు గద. నామినీ పేరు ఎవరిదని అడిగితే దేవేదని నేనే చెప్పిన. అర్జీ పెట్టలేదా ఇంకా?"

గ్రేసీ స్కూటీ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. "కాయితం కోసం ఆగిందమ్మా."

"ఇన్ని నెలలా?" అంది కోసి. "నేర్చుకున్నదంత ఏం చేసిన్రు?" ముకేష్ వైపు తిరిగింది. "సారూ, రాయుండ్రి. తారీకు ఆయతుకి తెలుసు."

ముకేష్ మోకాలి మీద కాయితం పెట్టుకుని రాశాడు. ముద్ర వేశాడు.

కోసి అది చూసేదాకా కూర్చుని, లేచింది. చాప దులిపింది, చుట్టింది. సుమిత్ర వైపు చూసి, "నా పేరు కొట్టెయ్. పెద్దను ఎన్నుకోండ్రి. ఊకె వాయిదా వెయ్యకుండ్రి" అంది. కూతురి తల మీద చెయ్యి పెట్టబోయి, గోళ్ళలో మట్టి చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది. మెట్టు దిగి వాగు దారిన పోయింది. ఆ రోజు దేవే "ఇంటికి రావా" అని అడగలేదు.

బీమా డబ్బు పువ్వుకి ముందే పడింది. చక్రధరరావు లెక్క చూసుకుని, తాకట్టు కాయితం దేవే కళ్ళ ముందే చింపి, ఆమె పిల్లకని బెల్లం ముక్క కాయితంలో చుట్టి ఇచ్చాడు. మిగిలిన కొంచెం ఇంటి మీద పగిలిన పెంకులకే సరిపోయింది. సుక్రాం మిర్చి చేల నుంచి వచ్చేశాడు. ఒక తెల్లవారుజామున దేవే గంప పట్టుకుని చేనుకి పోయేసరికి ఊడ్చిన నేల మీద పసుపురంగు పువ్వు పలచగా పరుచుకుని ఉంది. ఏరుకుంది. ఆ ఏటి పువ్వు డబ్బు తిండికీ విత్తనాలకీ పోయింది. పిల్ల బడిలోనే ఉంది. ఆడవాళ్ళు దేవేనే సంఘం పెద్దగా కూర్చోబెట్టారు.

మొదటిసారి స్తంభం దగ్గర చాప వేసి కూర్చున్న శుక్రవారం, దేవే తల ఎత్తేసరికి బోరింగు అవతల, దారి మలుపులో కోసి నిలబడి ఉంది. చంకన చాప ఉంది. లోపలికి రాలేదు. మీటింగు వేళకి కాళ్ళు ఆగక వచ్చిన మనిషిలా ఉంది. పిలిస్తే వస్తుంది. కూతురు ఒక్కసారి కళ్ళెత్తి చూస్తే చాలు, చాప పరుచుకుని కూర్చుంటుంది.

దేవే చూపు దించుకుంది. మీటింగు అయ్యాక గ్రేసీతో చెప్పింది.

"అమ్మ లోపలికొస్తే సచివ్ చూస్తడు. చూస్తే ఇగ ఈ ఊళ్ళ ఎవరు పోయినా కాయితం రాయడు. సుమిత్ర అత్తకి గూడ బీమా కట్టించిన్రు గద మీరు. అందరి పైసలు మునుగుతయ్."

"మరేం చేస్తావు?"

"అటు చూడ."

గ్రేసీ స్కూటీ తాళం తీసుకుంది. డబ్బు గురించి ఆమె నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. అందులో ఇది లేదు.

తర్వాతి శుక్రవారం దేవే చాపని స్తంభానికి అటు పక్కకి మార్చింది, వీపు దారి వైపు పెట్టి. పేర్లు పిలిచేటప్పుడు, పళ్ళెం తిరిగేటప్పుడు, అప్పులడిగేటప్పుడు వీపు మీద చలి తగులుతూ ఉండేది. ఎండాకాలంలో కూడా తగిలేది. మిగతావాళ్ళు ఎదురుగా కూర్చున్నా దారి వైపు చూసేవాళ్ళు కాదు. ఎవరైనా విందుకి అప్పడిగితే దేవే "ఇయ్యం" అనేది. వెనక నుంచి ఎవరో తలూపినట్టు అనిపించేది. తిరగలేదు.

మళ్ళీ ఏడాది పువ్వూ గింజా అమ్మిన డబ్బుతో, పైసా అప్పు లేకుండా, దేవే తల్లికి రాయి నిలబెట్టింది. నల్లటి నిలువు రాయి. ఆయతు దగ్గరుండి పాతించాడు. పందిని కోశారు, ఊరందరూ తిన్నారు. గ్రేసీ కూడా వచ్చి ఒక ముద్ద తిని, రాయి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

ఆ శుక్రవారం ఎండ చల్లబడ్డాక మీటింగు మొదలైంది. సుమిత్ర పేర్లన్నీ చదివి, కలం ఆపి, దేవే భుజం మీదుగా దారి వైపు చూసింది.

"దేవక్కా, ఇగ ఇటు తిరిగి కూసోవచ్చు" అంది. "దారిల ఎవ్వరు లేరు."

"తెలుసు" అంది దేవే. ఆ రోజు వీపుకి చలి తగల్లేదు. "అప్పు ఎవరికి కావాలె, అడుగుండ్రి."

చాప అక్కడే ఉంచింది. ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆ ఖాళీ దారి వైపు తిరిగి కూర్చోలేదు.